నర్సింగ్ అసెస్‌మెంట్: రోగిని సమగ్రంగా తెలుసుకునే పద్ధతి

రోగి పరిస్థితిని ఒక వరుసలో అడిగి, చూసి, తాకి, కొలిచి, రాసిపెట్టి, అతనికి ఏ సేవ కావాలో నర్సు తేల్చుకునే ప్రక్రియను నర్సింగ్ అసెస్‌మెంట్ అంటారు. ఒంటితోపాటు మనసు, ఇల్లు, సంపాదన, నమ్మకాలు కూడా అందులోకి వస్తే అది సమగ్ర అసెస్‌మెంట్. జబ్బేమిటో డాక్టరు తేలుస్తాడు. ఆ జబ్బువల్ల ఈ మనిషి ఏ పని చేసుకోలేకపోతున్నాడు, దేనికి భయపడుతున్నాడు, ఏ ప్రమాదానికి దగ్గరలో ఉన్నాడు అన్నవి నర్సు తేల్చాలి. తుంటి ఎముక విరిగి ఒకే రోజు చేరిన ఇద్దరు ముసలివాళ్లకు ఆపరేషన్ ఒకటే కావచ్చు. కానీ ఒకామె మెట్లెక్కి వెళ్లే ఇంట్లో ఒంటరిగా ఉంటుంది, ఇంకొకామెకు చూపు ఆనదు. ఇద్దరినీ ఒకే కాగితంతో ఇంటికి పంపితే ఒకరైనా మళ్లీ పడి తిరిగొస్తారు.

దీనికి ముందే కట్టిపెట్టిన ప్రశ్నల చట్రం ఎందుకన్న సందేహం అనుభవమున్న నర్సులకు కూడా వస్తుంది. ఎంత అనుభవమున్నా రద్దీలో జ్ఞాపకం తప్పుతుంది. గట్టిగా మూలిగే రోగి దగ్గరకు ఎవరైనా వెళ్తారు. నోరెత్తని రోగి మంచం దగ్గర ఎవరూ ఆగరు. చట్రం ముఖ్యంగా ఆ నోరెత్తని రోగి కోసమే.

భవానీపూర్ నేపథ్యం

ఈ విషయాన్ని ఒక చోట నిలబడి చూడాలంటే దక్షిణ కోల్‌కతాలోని భవానీపూర్ తగిన చోటు. ఉత్తరాన ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ రోడ్డు నుంచి దక్షిణాన హాజ్రా, కాళీఘాట్ దాకా ఉన్న ఈ కొద్ది మేరలోనే పెద్ద ఆసుపత్రులు చాలా ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది సేఠ్ సుఖ్‌లాల్ కర్నానీ స్మారక ఆసుపత్రి. కాగితాల మీద అది ఎస్.ఎస్.కె.ఎం., జనం నోట మాత్రం ఇప్పటికీ ‘పీజీ హాస్పిటల్’. ఈస్టిండియా కంపెనీ 1707లో కట్టాలనుకున్న ఆసుపత్రికి ఇది వారసురాలు. 18వ శతాబ్దం రెండో సగంలో ఇప్పటి స్థలానికి మారి, చాలాకాలం ప్రెసిడెన్సీ జనరల్ ఆసుపత్రిగా తెల్లవాళ్లకు వైద్యం చేసింది. 1957 నుంచి ఇది స్నాతకోత్తర వైద్య విద్యా, పరిశోధన సంస్థ కూడా. నరాల జబ్బుల కోసం బాంగుర్ సంస్థ దీనికి అనుబంధంగా పనిచేస్తోంది.

ఈ ఆవరణకు తెలుగు నేలతో ఒక బంధం ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో, నేటి బేగంపేటలో, రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. మరుసటి ఏడాది ఇక్కడి ప్రయోగశాలలో పక్షుల మీద పని చేసి, ఆ క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరి కాటుతో వ్యాపిస్తుందని నిరూపించాడు. 1927లో ఆయన ఎదుటే ఆవిష్కరించిన స్మారక ద్వారం ఆసుపత్రి గోడకు ఇప్పటికీ ఉంది. దోమ తర్వాత దోమను కోసి, చూసింది చూసినట్టు రాసుకున్న ఓపిక వల్లే రాస్‌కు ఆ ఫలితం దక్కింది. నర్సింగ్ అసెస్‌మెంట్ కోరేది కూడా అదే క్రమశిక్షణ. అందుకే ఈ సంగతి ఇక్కడ ప్రస్తావించాల్సి వచ్చింది.

నర్సుల చరిత్రకు నేరుగా సంబంధించినది హాజ్రా దగ్గరి చిత్తరంజన్ సేవాసదన్. దేశబంధు చిత్తరంజన్ దాస్ తన ఇంటిని ప్రజాహితానికి రాసిచ్చి 1925 జూన్ 16న డార్జిలింగ్‌లో కన్నుమూశారు. ఆ వెంటనే గాంధీజీ బెంగాల్లోనే ఉండి, ఆయన పేరిట పది లక్షల రూపాయల నిధికి విరాళాలు పోగుచేశారు. కులమత భేదం లేకుండా స్త్రీలకు ఆసుపత్రి నడపడం, నర్సులకు శిక్షణ ఇవ్వడం ఆ నిధి ఉద్దేశాలు. 1926లో సేవాసదన్ తెరుచుకుంది. మంచి కుటుంబాల ఆడపిల్లలు నర్సు పనికి రావడాన్ని సమాజం చిన్నచూపు చూసిన రోజుల్లో, ఒక జాతీయ నాయకుడి జ్ఞాపకానికి నర్సుల శిక్షణే తగిన గౌరవమని తలచడం గొప్ప విషయం. ఆ ఆవరణలోనే మొదలైన క్యాన్సర్ ఆసుపత్రిని 1950లో ఐరీన్ జోలియో క్యూరీ ప్రారంభించారు.

ఈ వార్డుల్లో బెంగాలీతోపాటు హిందీ, ఉర్దూ, ఒడియా, పంజాబీ, గుజరాతీ వినిపిస్తాయి. బెంగాల్‌లో తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న ఊరు ఖరగ్‌పూర్. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు పనికి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చి, తరాలుగా అక్కడే స్థిరపడిన కుటుంబాలవి. జబ్బు ముదిరితే వాళ్లు రావలసింది కోల్‌కతాకే.

చట్రాలు ఎలా పుట్టాయి

రోగిని గమనించడం ఒక విద్య అని గట్టిగా చెప్పిన తొలి రచయిత్రి ఫ్లారెన్స్ నైటింగేల్. 1859లో వెలువరించిన నర్సింగ్ పుస్తకంలో ఆమె రోగిని గమనించడానికే ఒక అధ్యాయం కేటాయించారు. రాత్రి బాగా నిద్రపట్టిందా అని అడగవద్దంటారామె. పది గంటలు ఏకబిగిన నిద్రపోకపోతే పట్టలేదనేవారు కొందరు, నాలుగు కునుకులు తీస్తే పట్టిందనేవారు కొందరు. ఎన్ని గంటలు, ఏ వేళలో నిద్రపోయాడో అడగాలి. ఇన్నేళ్లయినా ఈ సూత్రానికి వన్నె తగ్గలేదు. ప్రశ్నలో సమాధానం ఇమిడి ఉంటే ఆ సమాధానానికి విలువ లేదు.

ఇరవయ్యో శతాబ్దం మధ్యలో అమెరికాలో నర్సింగ్ విశ్వవిద్యాలయ చదువుగా ఎదగడంతో చట్రాలు వరుసగా వచ్చాయి. వర్జీనియా హెండర్సన్ శ్వాస, ఆహారం, విసర్జనలతో మొదలుపెట్టి పూజ, పని, వినోదం, నేర్చుకోవడం దాకా మనిషికి పద్నాలుగు అవసరాలను గుర్తించారు. రోగి ప్రవర్తనకు అర్థమేమిటో నర్సు తానే ఊహించుకోకుండా అతన్నే అడిగి నిర్ధారించుకోవాలని ఐడా ఆర్లాండో 1961లో వాదించారు. హెలెన్ యూరా, మేరీ వాల్ష్ 1967లో అంచనా, ప్రణాళిక, అమలు, ఫలితాల సమీక్ష అనే నాలుగు మెట్లను స్థిరపరిచారు. 1973లో నర్సింగ్ నిర్ధారణల మీద తొలి జాతీయ సమావేశం జరిగింది. ఆ దశకంలోనే నర్సింగ్ నిర్ధారణ ఐదో మెట్టుగా చేరింది. బ్రిటన్‌లో నాన్సీ రోపర్, వినిఫ్రెడ్ లోగన్, ఆలిసన్ టియర్నీ 1980లో పన్నెండు నిత్యజీవిత క్రియల నమూనా ఇచ్చారు. వైద్యుల వైపు నుంచి జార్జ్ ఎంగెల్ 1977లో, రోగాన్ని శరీరం, మనసు, సమాజం మూడింటి కోణంలో చూడాలని ప్రతిపాదించడం ఈ ధోరణికి బలమిచ్చింది.

వీటన్నిటిలో వార్డు పనికి ఎక్కువగా అక్కరకొచ్చేది మార్జొరీ గోర్డాన్ రూపొందించిన పదకొండు ఆరోగ్య సరళుల చట్రం. 1982లో పుస్తకంగా వచ్చిన ఆ సరళులు ఇవి: ఆరోగ్యం గురించి రోగి అవగాహన, ఆహారం, విసర్జన, కదలిక, నిద్ర, ఇంద్రియాలూ ఆలోచనా, తన గురించి తనకున్న భావం, కుటుంబంలో పాత్ర, లైంగికత, ఒత్తిడిని తట్టుకునే తీరు, విలువలూ నమ్మకాలూ. గుండె, ఊపిరితిత్తులు అంటూ అవయవాల వారీగా అడిగితే రోగి తడబడతాడు. నిన్న ఏం తిన్నావు, రాత్రి ఎన్నిసార్లు లేచావు అంటే ఎవరైనా చెప్పగలరు. ఈ చట్రం అలా రోజువారీ బతుకు నుంచి మొదలవుతుంది. మన వార్డులకు నప్పేది ఇదే.

భారత నర్సింగ్ మండలి 2021లో సవరించిన బి.ఎస్‌సి. నర్సింగ్ పాఠ్యక్రమంలో మొదటి సంవత్సరంలోనే ఆరోగ్య అంచనాకు ప్రత్యేక భాగం చేర్చింది. ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాతీయ మండలి ప్రమాణాల ప్రకారం వార్డులో చేరిన రోగి తొలి అంచనా 24 గంటల్లోపు పూర్తయి రాతలో ఉండాలి.

ఒక మంచం దగ్గర

ఉదాహరణకు ఒక రోగిని ఊహించుకుందాం. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన పెద్దాయన, షుగరు చాలా ఏళ్లుగా ఉంది, పాదం మీద మానని పుండుతో భవానీపూర్‌లోని ఒక సర్జరీ వార్డులో చేరాడు. ఇంట్లో తెలుగు, పనిలో హిందీ. భార్యకు తెలుగు తప్ప మరో భాష సరిగా రాదు. నర్సుది బెంగాలీ. కేస్ షీటు మీద పుండు వైశాల్యం, రక్తంలో చక్కెర, మందుల పేర్లు ఉన్నాయి.

మొదటి సరళిలోనే కేస్ షీటులో లేని సంగతి బయటపడుతుంది. మేకు గుచ్చుకుంది కాబట్టే పుండు పడిందని ఆయన నమ్మకం. షుగరుకూ పాదానికీ సంబంధం ఉందని ఎవరూ చెప్పలేదు. ఒంట్లో బాగున్న వారాల్లో బిళ్లలు మానేస్తాడు. ఇది తెలియకుండా ఎన్ని కట్లు మార్చినా ఇంటికెళ్లాక మళ్లీ పుండే.

ఆహారం దగ్గర ‘పథ్యం చేస్తున్నారా’ అని అడిగితే ‘చేస్తున్నా’ అంటాడు. నిన్న పొద్దుట లేచింది మొదలు ఏమేం తిన్నారో చెప్పమంటే అసలు సంగతి తెలుస్తుంది. ఆయన శనివారం ఒక్కపొద్దు ఉంటాడు. ఇన్సులిన్ మాత్రం ఎప్పటి మోతాదే. శనివారం సాయంత్రాలు ఒళ్లంతా చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయని, దాన్ని ఉపవాసం నీరసం అనుకుంటున్నామని పక్కనున్న భార్య చెబుతుంది. అది రక్తంలో చక్కెర పడిపోవడం. ప్రాణం మీదికి తెచ్చే ప్రమాదం. ఆహారం గురించిన ప్రశ్న, నమ్మకాల గురించిన ప్రశ్న ఒకే చోట కలిశాయి. ఉపవాసం మానమని ఆజ్ఞాపించడం కంటే, ఆ రోజు మోతాదు ఎలా ఉండాలో డాక్టరును అడిగి కాగితం మీద రాయించి ఇవ్వడం మంచిది. వద్దంటే ఆయన చాటుగా ఉంటాడు.

చూపును ఎలా పరీక్షించాలి? ఇన్సులిన్ సిరంజి చేతికిచ్చి గీతలు చదవమనాలి. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్, 100 యూనిట్ల ఇన్సులిన్ రెండూ అమ్ముతారు, వాటి సిరంజిలు వేరు. ఒకదాని మందు మరోదాని సిరంజితో తీస్తే మోతాదు రెండున్నర రెట్లు తేడా వస్తుంది. స్పర్శకు పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో అరికాలు, బొటనవేలు తాకి, రోగి కళ్లు మూసుకుని ఉన్నప్పుడు తెలుస్తోందా అని అడుగుతారు. తెలియకపోతే చెప్పులు లేకుండా గుడి ప్రదక్షిణలు చేయడం ఆయనకు ప్రమాదం. వేళ్ల సందులు విడదీసి చూడాలి. మరుగుదొడ్డి నేలమీదిదా, కుర్చీలాంటిదా అన్నదీ అడగాలి. పుండు కాలితో గొంతుక్కూర్చోవడం, రాత్రి నాలుగుసార్లు లేవడం రెండూ కలిస్తే ఆయన పడిపోయే రోజు దగ్గరలోనే ఉంటుంది.

లైంగికతకు సంబంధించిన సరళిని మన వార్డుల్లో దాదాపు అందరూ ‘వర్తించదు’ అని గీత కొట్టేస్తారు. షుగరున్న మగవాళ్లలో ఈ ఇబ్బంది సర్వసాధారణం, మందులు మానడానికి అదీ ఒక కారణం కావచ్చు. తెర వేసి, కుటుంబం బయటికెళ్లాక, ‘షుగరున్న చాలామందికి ఈ కష్టం ఉంటుంది, మీకూ ఉంటే చెప్పొచ్చు’ అని తలుపు తెరిచి ఉంచితే చాలు. చెప్పడం, చెప్పకపోవడం ఆయన ఇష్టం.

భాష విషయంలో ఒక జాగ్రత్త అవసరం. కొడుకును దుబాసీగా నిలబెడితే పని సులువవుతుంది కానీ, తండ్రి తాగుడు సంగతి కొడుకు దాస్తాడు, కాలు తీసేస్తారేమోనన్న భయాన్ని తండ్రి కొడుకు ముందు దాస్తాడు. వీలైతే ఆసుపత్రి సిబ్బందిలోనే తెలుగు తెలిసినవాళ్లను పిలవాలి. భార్యను విడిగా అడగాలి. కాలు మండుతోందా, మొద్దుబారిందా, పోటు పెడుతోందా అన్న తేడా హిందీలో ‘దర్ద్’ అన్న ఒక్క మాటలో కొట్టుకుపోతే, నరాలు దెబ్బతిన్నాయా, పుండులో చీము చేరిందా అన్న సూచన కూడా దానితో పోతుంది.

కొలతలు, చర్మం రంగు

పదకొండు సరళులూ తాపీగా అడగాలంటే రోగి ప్రాణం నిలకడగా ఉండాలి. ఆయాసంతో వచ్చినవాడిని నమ్మకాల గురించి అడగరు. ముందు శ్వాసమార్గం, శ్వాస, రక్తప్రసరణ, స్పృహ, ఒళ్లంతా పరిశీలన అనే వరుస. ఇక్కడే సంఖ్యల కొలమానాలు పనికొస్తాయి. తలకు దెబ్బ తగిలిన రోగి స్పృహను కొలిచే గ్లాస్గో కొలమానం 1974లో వచ్చింది. కళ్లు తెరవడం, మాట, కదలిక మూడింటికీ కలిపి 3 నుంచి 15 దాకా మార్కులు. బ్రిటన్ వైద్యులు 2012లో తెచ్చి 2017లో సవరించిన ముందస్తు హెచ్చరిక పట్టికలో శ్వాస వేగం, ఆక్సిజన్, రక్తపోటు, నాడి, స్పృహ, జ్వరం కలిపి మార్కులు 7 లేదా అంతకు మించి ఉంటే అత్యవసరంగా డాక్టరును పిలవాలి. వీటిలో శ్వాస వేగాన్ని చాలా చార్టుల్లో లెక్కపెట్టకుండానే రాసేస్తారు. రోగి స్థితి దిగజారుతోందని ముందుగా తెలిపే సూచనల్లో అదొకటి. వార్డు తనిఖీకి వెళ్లినవాళ్లు చూడవలసినవాటిలో మొదటిది ఇదే.

మంచం పుండ్లకు 1987లో వచ్చిన బ్రేడెన్ కొలమానంలో 6 నుంచి 23 దాకా మార్కులు, 18 లేదా అంతకు తగ్గితే ప్రమాదం. పాఠ్యపుస్తకాలు తొలిదశ లక్షణంగా చెప్పే ఎరుపు తెల్లని చర్మం మీద కనిపించేది. చామనఛాయ, నల్లని చర్మం మీద అది కనబడదు. వేలితో తాకి పక్క చోటికన్నా వెచ్చగా, గట్టిగా లేదా మెత్తగా ఉందా చూడాలి. పచ్చకామెర్లను కంటి తెల్లగుడ్డులో, రక్తహీనతను కింది కనురెప్ప లోపల, నీలిమను నాలుక మీద వెతకాలి. వేలికి తొడిగే ఆక్సిజన్ మీటరు కూడా నల్లని చర్మం ఉన్నవారిలో అసలుకన్నా ఎక్కువ చూపించవచ్చని 2020లో అమెరికా పరిశోధకులు చూపారు. 94 అని అంకె ఉన్నా రోగి ఆయాసపడుతుంటే రోగినే నమ్మాలి.

మనసు, నమ్మకం

భవానీపూర్‌కు దక్షిణాన ఆనుకుని ఉన్న కాళీఘాట్‌లో 1952లో మదర్ థెరెసా నిర్మల్ హృదయ్ తెరిచారు. వీధుల్లో పడి ఉన్నవాళ్లకు చివరి గడియల్లో మంచం, స్నానం, అన్నం, ఒక చేయి దొరికాయి. మర్యాదగా చనిపోవడం కూడా ఆరోగ్యసేవలో భాగమని లోకానికి చూపిన చోటది. 1994లో లాన్సెట్ పత్రిక సంపాదకుడు రాబిన్ ఫాక్స్ ఆ ఇంటిని చూసి, శుభ్రతనూ ఆప్యాయతనూ మెచ్చుకుంటూనే, తీవ్రమైన నొప్పికి బలమైన మందులు లేకపోవడాన్ని ఎత్తిచూపాడు. అంతకు ముందే లండన్‌లో, నర్సుగా మొదలై డాక్టరైన సిసిలీ సాండర్స్ ‘సంపూర్ణ నొప్పి’ అన్న భావనను ప్రతిపాదించారు. చనిపోతున్న మనిషి నొప్పిలో శరీరం, మనసు, కుటుంబం, ఆత్మ నాలుగూ ఉంటాయి, అందుకని నొప్పిని కొలిచి మార్ఫిన్ వేళకు ఇవ్వడమూ, పక్కన కూర్చోవడమూ రెండూ చేయాలన్నది ఆమె బోధ. సమగ్రత పేరుతో ప్రార్థన ఉండి నొప్పిమందు లేకపోయినా, నొప్పిమందు ఉండి పలకరింపు లేకపోయినా అది సగం సేవే.

మామూలు వార్డులో ఈ భాగానికి పెద్ద తతంగం అక్కర్లేదు. కష్టకాలంలో మీకు ధైర్యమిచ్చేది ఏమిటి, ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మేము పాటించవలసిన ఆచారం ఏదైనా ఉందా అని అడిగితే సరిపోతుంది.

రాత, అప్పగింత, మనుషుల కొరత

అసెస్‌మెంట్ చేరిన రోజు ఒక్కసారి చేసి ముగించేది కాదు. ఆపరేషన్ తర్వాత, వార్డు మారినప్పుడు, ప్రతి షిఫ్టులో మారిన అంశాలను మళ్లీ చూడాలి. షిఫ్టు మార్పులో అప్పగింత మంచం దగ్గరే జరిగితే రోగి తప్పును సరిదిద్దగలడు. కోల్‌కతా ఆసుపత్రుల్లో రోగుల పక్కన రాత్రంతా ఉండే ఆయామాసీలకు, మన దగ్గర అటెండర్లకు, తోడు ఉన్న బంధువులకు నర్సుకు తెలియని ఎన్నో విషయాలు తెలుసు. ఎన్నిసార్లు లేచాడు, ఏం కలవరించాడు, అన్నం పళ్లెంలో ఎంత మిగిల్చాడు అని వాళ్లను అడగాలి.

చట్రం మీద వచ్చే విమర్శలో నిజముంది. ఇరవై పేజీల ఫారం ఇస్తే నర్సు మనిషి వైపు చూడడం మాని కాగితం వైపు చూస్తుంది, నిన్నటి రాతనే ఇవాళా ఎక్కిస్తుంది. దానికి విరుగుడు చట్రాన్ని వదిలేయడం కాదు, కుదించడం. కంప్యూటరు ఫారాలకూ ఇదే వర్తిస్తుంది. భారత నర్సింగ్ మండలి ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలి. మంచాలు నిండి నేల మీద కూడా రోగులున్న వార్డులో రాత్రిపూట ఒకరిద్దరే ఉంటే, పదకొండు సరళులు అడగలేదని ఆ నర్సును తప్పుపట్టడం అన్యాయం. తప్పు నియామకాలు చేయనివారిది.

ఖరగ్‌పూర్ నుంచి కోల్‌కతా వచ్చే తెలుగు రోగికైనా, పలాస నుంచి విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రికి వచ్చే ఒడియా రోగికైనా, ఆదిలాబాదు నుంచి హైదరాబాదు వచ్చే గోండు రోగికైనా భాష ఇబ్బంది ఒకటే. విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం, వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం పూనుకుని, పదకొండు సరళుల ప్రశ్నలను రెండు పేజీలకు కుదించి, జనం మాట్లాడే తెలుగులో, పక్క భాషల్లో అచ్చువేసి ప్రతి నర్సింగ్ విద్యార్థి చేతికి ఇవ్వాలి.